యూత్ ఫర్ జాబ్స్: పింఛన్ నుంచి పే స్లిప్ దాకా.. దివ్యాంగులకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే ఈ సంస్థ ఎలా మొదలైందంటే..

పెద్దపల్లి: గోదావరిఖని, రామగుండంలో ఉద్యోగం అనగానే ముందు గుర్తొచ్చేది బొగ్గుబాయి. బాయిలో దిగాలంటే మెడికల్ ఫిట్‌నెస్ ఉండాల్సిందే. మరి చెవులు వినిపించని, కాలు సరిగా లేని యువత పరిస్థితేంటి? చాలా ఇళ్లలో వినిపించే జవాబు ఒక్కటే.. పింఛన్. తెలంగాణలో దివ్యాంగుల పింఛన్ 2014లో రూ.1,500 ఉండేది. 2019లో రూ.3,016, 2023లో రూ.4,016 అయింది. పెరిగింది నిజమే కానీ, దాంతో ఒక కుటుంబం గడవదు.

ఈ యువతకు జీతం వచ్చే దారి చూపిన సంస్థల్లో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'యూత్ ఫర్ జాబ్స్' ఒకటి. దీని వ్యవస్థాపకురాలు మీరా షెనాయ్. అంతకుముందు ఆమె ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ కింద నడిచిన ఈజీఎంఎంకు ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్. పల్లెల్లోని పేద యువతకు శిక్షణ ఇచ్చి ప్రైవేటు కొలువుల్లో పెట్టించడం ఆ మిషన్ పని. ఊళ్లోని మహిళా సంఘాల ద్వారానే నిరుద్యోగులను వెతికేవారు. అదే పద్ధతి దివ్యాంగులకూ పనికొస్తుందన్న ఆలోచనే తర్వాతి అడుగు. దేశ కార్మిక మార్కెట్‌లో దివ్యాంగుల స్థితిపై 2011లో ఐఎల్ఓ తెచ్చిన నివేదిక రాసింది కూడా ఆమే. 2012లో యూత్ ఫర్ జాబ్స్ మొదలైంది.

అప్పటి లెక్కలు చూస్తే అవసరం ఎంతో తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్లు. ఉమ్మడి ఏపీలోనే 22 లక్షలకు పైగా. దేశం మొత్తమ్మీద వారిలో పని ఉన్నవాళ్లు 36 శాతమే. మహిళల్లో అయితే 23 శాతం.

అసలు చిక్కు కంపెనీలతోనే. 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. సర్కారు కొలువుల్లో రిజర్వేషన్‌ను 3 నుంచి 4 శాతం చేసింది. ప్రైవేటుకు మాత్రం కోటా లేదు. అంటే అక్కడ ఒప్పించడం తప్ప వేరే మార్గం లేదు. 'జాలితో తీసుకోకండి, వీళ్లు తొందరగా పని మానేయరు, అది మీకే లాభం' అన్నదే సంస్థ వాదన. హెచ్ఆర్ వాళ్ల దగ్గర ఇలాంటి మాటే పనిచేస్తుంది మరి!

అందుకే శిక్షణ రెండు వైపులా నడుస్తుంది. యువతకు ఇంగ్లిష్, కంప్యూటర్, ఇంటర్వ్యూలో ఎలా ఉండాలో నేర్పుతారు. బధిరులకు పాఠాలన్నీ సైగల భాషలోనే. అటు కంపెనీలో ఏ పని ఎవరు చేయగలరో ముందే చూస్తారు. మేనేజర్లకు, తోటి ఉద్యోగులకు కొన్ని సైగలు నేర్పిస్తారు. ఇది లేకపోతే కొత్తగా చేరిన బధిర కుర్రాడు లంచ్ టైంలో ఒంటరిగా కూర్చుంటాడు. నెల తిరక్కుండానే ఊరి బస్సెక్కేస్తాడు. షోరూంలు, హోటళ్లు, ఆఫీసు పనులు.. ఎక్కువ అవకాశాలు వీటిలోనే.

ఈ కొలువులు ఎక్కువగా హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉంటాయి. రామగుండం నుంచి రైల్లో సుమారు నాలుగు గంటలు. అయితే ఇల్లు కదలకముందే చూసుకోవాల్సింది సర్టిఫికెట్. సదరం అయినా, యూడీఐడీ కార్డు అయినా 40 శాతం వైకల్యం నమోదైతేనే పింఛన్, రిజర్వేషన్ వర్తిస్తాయి. ఇక జీతం మొదలైతే పింఛన్ ఆగిపోతుందేమోనన్న భయం. ఆడపిల్లను హాస్టల్‌కు పంపాలంటే తల్లిదండ్రుల బెంగ వేరే. కంపెనీ సరే అన్నాక కూడా చాలాసార్లు మాట ఆగేది ఇంటి గడప దగ్గరే.