బల్లమీది మనిషి పేరు

ఒక పిల్లవాడి ప్రశ్నతో మొదలుపెడతాను. నేను పాఠం చెప్పే ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి విద్యార్థి ఒకడున్నాడు. తండ్రి మార్కెట్ యార్డులో హమాలీ. వాడు తెలుగు నోటుపుస్తకం చివరి పేజీల్లో బస్తా మోస్తున్న తండ్రిని గీసి పెట్టుకున్నాడు. గీతలు తిన్నగా లేవు. కాని బరువుకు మెడ ముందుకు సాగడం, భుజం మీది కండ తాడులా బిగుసుకోవడం, మోకాలు కొంచెం పక్కకు తిరగడం అన్నీ ఉన్నాయి. సైన్సు గదిలో వేలాడే మానవ శరీరం పటంలో ఇవేవీ కనబడవు. “ఇదంతా నీకెట్లా తెలిసిందిరా?” అని అడిగాను. “రోజూ రాత్రి నాన్న మెడకు నూనె రాస్తాను సార్” అన్నాడు.

వాడికి పనికొస్తుందని చిత్రకారుల కోసం రాసిన శరీర నిర్మాణ శాస్త్ర గ్రంథమొకటి ఒక మిత్రుడి దగ్గర్నుంచి తెచ్చిచ్చాను. అందులో చర్మం ఒలిచిన మనిషి బొమ్మ ఉంది. పిల్లవాడు దాన్ని చాలాసేపు చూసి “ఈయన ఎవరు సార్?” అన్నాడు. “ఎవరూ కాదురా, అది బొమ్మ” అన్నాను. ఇంటికి వెళ్ళాక ఆ జవాబుకు నాకే సిగ్గేసింది. ఎం.ఏ. పరీక్షల్లో యూరప్ సాంస్కృతిక పునరుజ్జీవనం గురించీ, మానవతావాదం గురించీ పేజీలకు పేజీలు రాసినవాణ్ణి. ఆ మానవుడి శరీరాన్ని కళాకారులు ఎవరి శరీరం మీద నేర్చుకున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ వ్యాసం ఆ పిల్లవాడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు. పేదవాణ్ణి వస్తువుగా తీసుకుని రాస్తున్న మనందరికీ ఇందులో పని ఉందని నా నమ్మకం.

చిత్రకారుడికి శరీర నిర్మాణ జ్ఞానం అవసరమన్న ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడలేదు. 15వ శతాబ్దపు ఫ్లారెన్స్ వర్తకుల నగరం, వృత్తి శ్రేణుల నగరం. అక్కడి చిత్రకారులు వైద్యులూ, మందుల వర్తకులూ ఉన్న శ్రేణిలోనే సభ్యులు. రంగులు అమ్మేదీ మందులు అమ్మేదీ ఒకే దుకాణం కావడం ఇందుకు కారణం. కుంచె పట్టేవాడికీ కత్తి పట్టేవాడికీ పరిచయం ఆ విధంగా ఏర్పడింది. 1435లో ఆల్బెర్టీ చిత్రలేఖనం మీద రాసిన గ్రంథంలో ముందు ఎముకలు అమర్చుకోవాలనీ, వాటి మీద కండలు, ఆ పైన చర్మం, ఆఖరున బట్టలు గీయాలనీ చెప్పాడు. బట్టలే ప్రధానంగా ఉన్న దైవ చిత్రాల నుంచి బట్టల కింద ఉన్న మనిషి దగ్గరికి కళ ప్రయాణించింది. ఇది నిస్సందేహంగా పురోగమనం.

కాని ఎముకలూ కండరాలూ చూడాలంటే శవం కావాలి. యువకుడైన మైకేలాంజెలోకు ఫ్లారెన్స్‌లోని సాంతో స్పిరిటో మఠాధిపతి ఆ అవకాశం కల్పించాడు. కృతజ్ఞతగా ఆయన కొయ్యతో శిలువ విగ్రహం చెక్కి ఇచ్చాడని ఆనాటి జీవిత చరిత్రకారులు రాశారు. లియొనార్డో డావిన్సీ తాను ముప్ఫైకి మించి శవాలను కోశానని జీవిత చరమాంకంలో చెప్పుకున్నాడు. 1507-08 చలికాలంలో ఫ్లారెన్స్‌లోని సాంతా మరియా నువోవా ఆసుపత్రిలో నూరేళ్ళు దాటానని చెప్పిన ఒక ముసలాయన పక్కన లియొనార్డో కూర్చున్నాడు. నీరసం తప్ప వేరే బాధ లేదన్న ఆ వృద్ధుడు కొద్ది గంటల్లోనే ప్రశాంతంగా కన్నుమూశాడు. అంత నెమ్మదైన చావుకు కారణం ఏమిటో తెలుసుకోవాలని లియొనార్డో ఆ దేహాన్ని కోశాడు. ముసలాయన పేరు ఆయన రాయలేదు. కాని ఆయనతో మాట్లాడాడు, ఆ మాటలు రాసుకున్నాడు. ఈ తేడాను గుర్తుపెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను.

1543లో బాసెల్ నగరంలో వెసాలియస్ గ్రంథం అచ్చయింది. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్ళు. అంతకు ముందు విశ్వవిద్యాలయాల్లో ఆచార్యుడు ఎత్తైన పీఠం మీద కూర్చుని గాలెన్ గ్రంథం చదివేవాడు. కింద మంగలి వృత్తి శస్త్రకారుడు శవాన్ని కోసేవాడు. చదివేవాడు చూడడు, చూసేవాడికి చదువు లేదు. మేధస్సునూ శ్రమనూ విడదీసిన ఫలితంగా కోతుల వంటి జంతువులను కోసి గాలెన్ రాసిన పొరపాట్లు వెయ్యేళ్ళకు పైగా మనిషి శరీరం పేరిట చలామణి అయ్యాయి. వెసాలియస్ పీఠం దిగివచ్చి తన చేత్తో కత్తి పట్టాడు. టిషియన్ చిత్రశాలకు సంబంధించిన కళాకారులు చెక్కపలకల కోసం బొమ్మలు గీశారు. వాటిలో చర్మం ఒలిచిన మనుషులు పదువా పరిసరాల కొండల ముందు సజీవుల్లా నిలబడి ఉంటారు. శాస్త్రమూ కళా చేతులు కలిపిన ఘనమైన సందర్భం అది.

ఆ గ్రంథం ముఖచిత్రంలో బల్ల మీద ఉన్నది ఒక స్త్రీ. ఉరి తప్పించుకోవడానికి గర్భవతినని అబద్ధం చెప్పిందనీ, పరీక్షించి కాదని తేల్చి ఉరితీశారనీ వెసాలియస్సే లోపల రాశాడు. చుట్టూ కిక్కిరిసిన జనం. అందరి మధ్య ఆమె గర్భాన్ని తెరిచి చూపుతున్నాడు. యూరప్ ఆధునిక శరీర శాస్త్రానికి వాకిలి అనదగిన పుటలో, ప్రాణం కాపాడుకోవడానికి చివరి అబద్ధం ఆడిన నిరుపేద స్త్రీ అబద్ధాన్ని ఆమె దేహం చేతనే రుజువు చేయించారు. నేను ఆ బొమ్మను చాలాసార్లు చూశాను. రేఖల సాంద్రత గురించి మాట్లాడాను. ఆమె గురించి మాట్లాడలేదు.

దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత ఆమ్‌స్టర్‌డామ్‌కు వద్దాం. 1632 జనవరిలో ఆరిస్ కిండ్ట్ అన్న మారుపేరుతో తిరిగిన అడ్రియాన్ అడ్రియాన్‌జోన్ అనే మనిషిని ఉరితీశారు. ఒకరి మీద పడి పైవస్త్రం దోచుకున్నాడన్నది నేరం. ఆ శవాన్ని శస్త్రవైద్యుల సంఘం తీసుకుంది. ఏడాదికొకసారి, చలికాలంలో, రుసుము చెల్లించి వచ్చిన ప్రేక్షకుల ముందు అక్కడ శవచ్ఛేదం జరిగేది. వైద్యులు తమ సామూహిక చిత్రం గీయమని పాతికేళ్ళ రెంబ్రాంట్‌కు పని అప్పగించారు. ‘డాక్టర్ టుల్ప్ శరీర శాస్త్ర పాఠం’ అనే ఆ చిత్రం నేడు హేగ్ నగరంలోని మౌరిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. చిత్రంలో ఒక వైద్యుడి చేతిలో కాగితం ఉంటుంది. దాని మీద వైద్యుల పేర్లు ఉన్నాయి. అవి తర్వాత చేర్చినవి. మొదట అక్కడ శరీర నిర్మాణ రేఖాచిత్రం ఉండేది. సొమ్ము చెల్లించినవాళ్ళ పేర్లు రాయడానికి శాస్త్రాన్నే చెరిపేశారన్న మాట. వెలుగంతా పడుతున్న మనిషి పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. చలికాలంలో పైబట్ట దోచినవాడు నగ్నంగా పడుకుని ఉన్నాడు. మెడకు తెల్లని పట్టీలు వేసుకున్నవాళ్ళు చుట్టూ నిలబడి ఉన్నారు. వైద్యుల్లో చాలామంది చూపు ఆ దేహం మీద లేదు. ఆ పాలిపోయిన శరీరాన్ని తదేకంగా చూసినవాడు రెంబ్రాంట్ అని చిత్రమే సాక్ష్యం చెబుతుంది. అందుకే ఆయన్ని కేవలం ధనికుల చిత్రకారుడని కొట్టిపారేయలేం.

ఇంగ్లండులో ఈ వ్యవహారం చట్టం రూపం తీసుకుంది. 1752 నుంచి హంతకుల శవాలకు ఖననం లేదు. గొలుసులతో వేలాడదీయడమో, కోయడమో జరగాలి. 1768లో ఏర్పడిన రాయల్ అకాడమీలో విలియం హంటర్ శరీర శాస్త్రాచార్యుడు. 1776లో ఉరితీసిన ఒక మనిషి దేహానికి చర్మం ఒలిచి, ‘మరణిస్తున్న గాల్’ అనే ప్రాచీన శిల్పం భంగిమలో అమర్చి, శిల్పి కార్లీని చేత పోత పోయించారు. అతడు దొంగరవాణా చేసినవాడని అనుకుని, ఆ మాటకు లాటిన్ తోక తగిలించి ‘స్మగ్లేరియస్’ అని వేళాకోళంగా పేరు పెట్టారు. తరతరాల విద్యార్థులు దాన్ని చూసి కండరాలు గీయడం నేర్చుకున్నారు. 1801లో జేమ్స్ లెగ్ అనే ముసలి పింఛను సైనికుణ్ణి హత్యానేరానికి ఉరితీశారు. శిలువ మీద శరీరం నిజంగా ఎలా వేలాడుతుందో చిత్రకారులు సరిగా గీయడం లేదన్న చర్చను తేల్చుకోవడానికి శిల్పి థామస్ బ్యాంక్స్, మరి ఇద్దరు చిత్రకారులు కలిసి అతని శవాన్ని శిలువకు కొట్టించారు. ఆ పోత నేటికీ అకాడమీలో ఉంది. కరుణామయుణ్ణి యథార్థంగా చిత్రించాలన్న తపనలో కరుణ ఒక్కటే మరిచారు.

శవాల గిరాకీ పెరిగినకొద్దీ సరఫరాకు వ్యాపారులు పుట్టుకొచ్చారు. సమాధులు తవ్వేవాళ్ళను మించి 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు 16 మందిని చంపి డాక్టర్ రాబర్ట్ నాక్స్‌కు అమ్మారు. చనిపోయినవాళ్ళంతా అద్దె గదుల్లో బతికే పేదలు, వీధిలో తిరిగేవాళ్ళు. వాళ్ళలో మేరీ పాటర్సన్ అనే యువతి అందగత్తె కావడంతో ఆమె శవాన్ని వెంటనే కోయకుండా దాచారు. చిత్రకారుడు వచ్చి ఆ బొమ్మ గీసుకున్నాడు. నాక్స్ మీద విచారణ జరగలేదు. 1852లో ఆయన శిల్పులకూ చిత్రకారులకూ ఉపయోగపడే శరీర శాస్త్ర గ్రంథం ప్రచురించాడు. దీనికి వ్యాఖ్యానం అనవసరం.

ఈ దారుణాల తర్వాత 1832లో బ్రిటిష్ పార్లమెంటు కొత్త చట్టం చేసింది. హంతకుల శవాలను కోసే శిక్ష రద్దయింది. ఎవరూ వచ్చి అడగని శవాలను వైద్య విద్యాలయాలకు ఇవ్వవచ్చని అనుమతించింది. అడిగేవాళ్ళు లేని శవాలు ఎక్కువగా ఎక్కడుంటాయి? అనాథ శ్రమశాలల్లో. నిన్నటిదాకా హత్యకు పడిన శిక్ష ఆ రోజు నుంచి పేదరికానికి పడింది.

అయితే ఈ జ్ఞానాన్ని కాదనుకోవాలా? ఆ వాదన నాది కాదు. మూఢనమ్మకాలను బద్దలు కొట్టింది ఆ కత్తే, మనిషిని మనిషిగా చూపింది ఆ కుంచే. జ్ఞానాన్ని వదిలేస్తే నష్టపోయేది మళ్ళీ పేదవాడే. నా ప్రశ్న వేరు. ఎవరి దేహం నుంచి నేర్చుకున్నామో వాళ్ళకు ఆ జ్ఞానం తిరిగి చేరిందా?

చేర్చినవాళ్ళు ఉన్నారు. కేథే కోల్విట్జ్ భర్త బెర్లిన్ కార్మికవాడలో వైద్యుడు. ఆయన దగ్గరికి వచ్చే స్త్రీల అలసిన భుజాలూ, వాచిన చేతులూ ఆమె రోజూ చూసింది. 1903లో చనిపోయిన బిడ్డను హత్తుకున్న తల్లిని చిత్రించడానికి ఆమె ఏ శవాగారానికీ పోలేదు. ఏడేళ్ళ కొడుకు పీటర్‌ను ఒడిలో పెట్టుకుని అద్దం ముందు కూర్చుని తననే గీసుకుంది. ఆ పీటర్ 1914లో యుద్ధంలో చనిపోయాడు. 1919 జనవరిలో కార్ల్ లీబ్‌నెక్ట్ హత్య జరిగినప్పుడు ఆయన కుటుంబం పిలిస్తే శవాగారానికి వెళ్ళి గీసింది. కాని పూర్తయిన చెక్కపలక చిత్రంలో ఎక్కువ చోటు శవానిది కాదు, దాని మీదికి వంగిన కార్మికులది. ఒక తండ్రి వంగిన వీపును అలా చెక్కాలంటే ఎముకా కండరమూ తెలియాలి. ఆ తెలివిని ఆమె దుఃఖానికి అప్పగించింది.

మన దేశానికి వస్తే, అభ్యుదయ రచయితల సంఘం తెనాలిలో పుట్టిన 1943లోనే బెంగాల్‌లో లక్షలాది జనం ఆకలితో రాలిపోయారు. చిత్తప్రసాద్ మిడ్నపూర్ జిల్లాలో తిరిగి కరువు మనుషులను సిరాతో గీశాడు. ఆయన కళాశాలలో శరీర శాస్త్రం నేర్చినవాడు కాడు. అక్కడ చర్మం ఒలవనక్కర లేదు. పక్కటెముకలూ కీళ్ళూ అన్నీ పైకే కనబడుతున్నాయి. వలస పాలనా, దొంగ నిల్వలూ బతికున్న మనుషులను అట్లా తయారుచేశాయి. చిత్తప్రసాద్ ఆ మనుషులను పలకరించాడు. పేర్లు అడిగాడు, ఊళ్ళు అడిగాడు, ఏం కోల్పోయారో రాసుకున్నాడు. ‘హంగ్రీ బెంగాల్’ అన్న ఆయన పుస్తకం ప్రతులు 5,000 దాకా బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని తగలబెట్టింది. కండరాల పటాలను ఏ ప్రభుత్వమూ తగలబెట్టలేదు. ఎముకల పక్కన మనిషి పేరు రాస్తే మాత్రం భయపడింది.

మన కథల్లో కవితల్లో పేదవాడి డొక్కలు లెక్కపెట్టడం మనకు బాగా అలవాటు. చెమట, పగిలిన పాదాలు, లోతుకుపోయిన కళ్ళు అన్నీ సక్రమంగా ఉంటాయి. చదివాక ఆ మనిషి ఏమనుకుంటున్నాడో, ఎవరి మీద కోపంగా ఉన్నాడో, ఇంటికెళ్ళి ఎవరితో నవ్వుతాడో తెలియదు. అంటే మనమూ బల్ల చుట్టూ నిలబడ్డామన్న మాటే. ఆకలి గురించి రాసిన పుస్తకం అట్ట మీద రాసినవాడి పేరు, ఆవిష్కరించినవాడి పేరు, విమర్శకుడి పేరు ఉంటాయి. ఆ జాబితాలో నా పేరు కూడా కొన్నిచోట్ల ఉంది. వాస్తవికత అంటే వివరాల ఖచ్చితత్వం ఒక్కటే అయితే 1801 నాటి శిలువ పోతను మించిన వాస్తవికత ఉండదు. వివరం ఏ సంబంధంలోంచి వచ్చిందన్నది కూడా వాస్తవికతలో భాగమే. ఈ కొలత లేకుండా నేను గతంలో చేసిన సమీక్షలు కొన్ని ఇప్పుడు తిరిగి చూసుకోవలసినవే.

మొన్న ఆ పిల్లవాణ్ణి పిలిచి ఆరిస్ కిండ్ట్ కథ చెప్పాను. అసలు పేరు కూడా చెప్పాను. వాడు రెండు మూడుసార్లు పలకడానికి ప్రయత్నించి, నోరు తిరగక నవ్వాడు. వాడి నోటుపుస్తకం మళ్ళీ అడిగి తీసుకుని చూశాను. బస్తా మోస్తున్న మనిషి పాదాల కింద చిన్న అక్షరాల్లో ‘నాన్న’ అని రాసి ఉంది. మొదటిరోజు నుంచీ ఉందట. నేను భుజం కండ దగ్గరే ఆగిపోయి దాన్ని చదవలేదు.