రాణిని చంపిన దుంపే మందు

క్రీ.పూ. 71లో చైనా చక్రవర్తి షువాన్ భార్య, మహారాణి షు పింగ్‌జున్ బాలింతగా ఉంది. చున్‌యు యాన్ అనే వైద్యురాలు ఇచ్చిన మందు మింగాక ఆమెకి తల బరువెక్కింది. ఇందులో విషం ఏమైనా ఉందా అని అడిగింది. లేదంది వైద్యురాలు. రాణి బతకలేదు. రాజ్యంలో చక్రం తిప్పే హువో గువాంగ్ భార్య, తన కూతుర్ని మహారాణిని చెయ్యాలని చేయించిన పని అది. ఈ కథ 'హాన్ షు' అనే చరిత్ర గ్రంథంలో ఉంది.

మందులో కలిపింది ఫుజి అనే దుంప. వింత ఏంటంటే, ఫుజి చైనా వైద్యులు రోజూ వాడే మందే! ఇప్పటికీ వాడుతున్నారు. చామకి ఉన్నట్టే ఈ మొక్కకీ తల్లిదుంప, పిల్లదుంపలు ఉంటాయి. పిల్లదుంప ఫుజి, తల్లిదుంప చువాన్‌వు. పచ్చి దుంపలో ఉండే అకోనిటిన్ అనే విషం గుండె లయ తప్పిస్తుంది. నీళ్లలో చాలాసేపు ఉడికితే ఆ విషం విరిగి, దాని బలం బాగా తగ్గుతుంది. రసాయన శాస్త్రం రాకముందే అక్కడి వైద్యులు ఇది అనుభవంతో పట్టుకున్నారు. ఇలా శుద్ధి చేయడాన్ని పావోజి అంటారు. మన ఆయుర్వేదంలోని వత్సనాభి ఈ మొక్కకి చుట్టమే. దాన్ని కూడా శుద్ధి చేశాకే వాడతారు.

చైనా ప్రభుత్వ ఔషధ గ్రంథం ప్రకారం తల్లిదుంపని నానబెట్టి, 4 నుంచి 6 గంటలు ఉడికించాలి. పెద్ద దుంపని కోసి చూస్తే లోపల తెల్లగా ఉండకూడదు. రుచి చూస్తే నాలుక కొంచెమే తిమ్మిరెక్కాలి. (ఇది చెయ్యి తిరిగినవాళ్ల పని, మనం చేసి చూసేది కాదు.) బాగా తిమ్మిరెక్కితే ఇంకా ఉడకలేదన్నమాట.