సీమలో రేడియోకు గిట్టని కాలం

వానలు తక్కువ గనుక రాయలసీమలో ప్రసారాలు ఏడాది పొడవునా తేటగా అందుతాయని అనుకోవడం సహజం. కానీ కడప, కర్నూలు జిల్లాల చరిత్ర వేరేగా ఉంది. మీడియం వేవ్ రోజుల్లో ఇక్కడి శ్రోతను ఏడిపించింది ఎండాకాలం. డిష్ వచ్చాక ఆ పని వానది అయింది. ఏ తరంగాన్ని వాడుకుంటే దానికి గిట్టని కాలం దానికి ఉంటుందన్నది ఈ కథలో నాకు కనిపించే ముఖ్య విషయం.

కడపలో ఆకాశవాణి 1963లో మొదలైంది. అంతకుముందు సీమవాళ్లకు మద్రాసు, విజయవాడ, హైదరాబాదు కేంద్రాలే దిక్కు, అవీ చీకటి పడ్డాకే బాగా అందేవి. పగటి ఎండకు ఆకాశంలో ఏర్పడే ఒక పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది. రాత్రి ఆ పొర పోయి, ఇంకా పైనున్న పొరకు తగిలిన తరంగం వందల మైళ్ల అవతల దిగుతుంది. పగలు నేలను అంటుకొని వచ్చే తరంగమే గతి. అది తేమ నేల మీద దూరం పోతుంది, ఎండిన రాతినేల మీద తొందరగా నీరసిస్తుంది. నంద్యాల, కోయిలకుంట్ల నల్లరేగడికీ పత్తికొండ, రాయచోటి ఎర్రనేలకూ ఇందులో తేడా ఉంది. వాల్వు రేడియో ఉన్న ఇంట్లో పెరట్లో గుంత తీసి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తు తీగ పాతేవారు. వేసవిలో ఆ గుంతలో చెంబెడు నీళ్లు పోసేది తేమ కోసమే.

అయితే నేరమంతా నేలకు అంటగట్టలేం. కడప కేంద్రపు 900 కిలోహెర్ట్జ్ తరంగం మట్టిలోకి చాలా లోతుకు దిగుతుంది, పైన జానెడు బీటలు వారినంత మాత్రాన పాట ఆగదు. అసలు దెబ్బ పిడుగులది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఎక్కడో మెరిస్తే, చుక్క వాన పడని ఊళ్లో కూడా వార్తల నడుమ గరగర. అది కరెంటు తీగల గోల అనేవారున్నారు. కొంత నిజమే, కానీ కరెంటు పోయిన రాత్రి సెల్లుల ట్రాన్సిస్టరులోనూ మెరుపు మెరుపుకూ చిటపట వినిపిస్తుంది. నల్లమల, ఎర్రమల అడ్డమన్నది ఇంకో వాదన. 333 మీటర్ల తరంగం కొండల్ని చాలావరకు చుట్టి వస్తుంది. పైగా కొండలు డిసెంబరులోనూ అక్కడే ఉంటాయి, గరగర మాత్రం అప్పుడు తగ్గుతుంది.

1975–76 సైట్ ప్రయోగంలో మన రాష్ట్రపు పల్లెలకు కూడా ఉపగ్రహ టీవీ వచ్చింది. 860 మెగాహెర్ట్జ్ గనుక వాన దాన్ని ఏమీ చేయలేదు, కానీ పది అడుగుల జాలీ గొడుగు కావలసి వచ్చింది. 2004 డిసెంబరులో దూరదర్శన్ తెచ్చిన డీటీహెచ్‌కు చిన్న డిష్ చాలు. అందుకు వాడే తరంగం మూడు సెంటీమీటర్ల లోపుది, దాన్ని చినుకులు పీల్చేసి చెదరగొడతాయి. ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్లు కురిసే చోట ఇదేం బాధ అనవచ్చు. ఆ తరంగానికి ఏడాది లెక్కతో పని లేదు, ఆ పది నిమిషాల జోరుతోనే పని. సీమ వాన కొద్ది రోజులదే అయినా వచ్చినప్పుడు కుండపోత. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు, 2021 నవంబరులో చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు జనానికి కావలసింది వేళకు అందే హెచ్చరిక. పిడుగులకు గరగరమన్నా వానలో మాట వినిపించే మీడియం వేవ్‌ను పాతబడిందని వదిలేయడం, ఈ జిల్లాల మట్టుకైనా, తొందరపాటే.