మన్నెపు పోరాటములు – తుపాకి కథ

మన్నెపు తిరుగుబాట్ల చరిత్రలో వీరుల పేళ్లు నిలిచినవి. వారి చేతనున్న ఆయుధముల సంగతి చాలవరకు మరుగుపడినది. ఖమ్మము మెట్టలనుండి గోదావరి దాటి భద్రాచలము, రేకపల్లి అడవులవరకు తుపాకి నడచిన త్రోవను గమనించినచో, ఆ పోరాటములు ఎట్లు లేచెనో, ఎట్లు అణగెనో కొంత తేటపడును.

వెనుకటి దినములలో వేటకాండ్ర చేతనుండినది భర్మారు. గొట్టపు మూతినుండి మందు పోసి, పీచు కూరి, గుండు వేసి, ఇనుపకడ్డీతో దట్టించి, వెనుక మొనపై టోపీ తొడిగి పేల్చవలెను. ఒక్కమారు ప్రేలిన పిమ్మట ఈ పనియంతయు మరల మొదలు. నల్లమందు కాలిన మసి తేమను పీల్చి ఇనుమును తినివేయును. వానకాలమున కడుగక విడిచిన తుపాకిలో టోపీ నిలుచు మొన తన మరలోనే తుప్పుపట్టి బిగిసికొనును. దానిని బలిమితో త్రిప్పినచో మొన విరుగును, మర చెడును. తెలిసిన పనివాడు మొదట గొట్టములో పాతమందు లేదని నిశ్చయించుకొనును; నూనె పోసి ఓపికతో నాననిచ్చును; సరిపడు పనిముట్టుతో మెల్లగా కదల్చి తీయును; మరను శుభ్రపరచి, జిడ్డు పూసి తిరిగి బిగించును. ఈ పనికి ఊరి కమ్మరి చాలును.

1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మధ్యపరగణాలనుండి మదరాసు రాజధానిలో చేరెను. పోడుపై పన్ను ఇంచుమించు మూడింతలాయెను. అడవిపై ఆంక్షలు బిగిసెను. 1879లో రంపలో రగిలిన పితూరి రేకపల్లికి ప్రాకుటకు ఇదియే కారణము. దానిని అణచుటకు మదరాసు పదాతిదళములతోపాటు హైదరాబాదు కంటింజెంటు సైనికులను గూడ దింపవలసివచ్చెను.

1922లో అల్లూరి సీతారామరాజు వేరొక మార్గము త్రొక్కెను. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలను పట్టి, మూడు దినములలో 26 తుపాకులను, 2,500లకు పైగా తూటాలను సంపాదించెను. విల్లమ్ములతో తిరిగిన మన్నెమువారికి ఇది కొత్త బలము. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాటు కవర్డు, హైటరు అను దొరలు ఆ బలమునకే గురియైరి.

అయితే ఆ బలములోనే ఒక లోపమును గలదు. భర్మారు నెమ్మదియైనను దాని మరమ్మతు ఊరిలోనే జరుగును. పోలీసు తుపాకి వేగము గలదే కాని, దాని తూటా గ్రామమున పుట్టదు. విరిగిన భాగమునకు బదులు సర్కారు ఆయుధాగారమునందే దొరకును. అనగా ఏ ప్రభుత్వముతో పోరవలెనో ఆ ప్రభుత్వమునొద్దనే మరల తెచ్చుకొనవలెను. ఈ కిటుకును దొరతనమువారు గ్రహించిరి. అక్టోబరు 15న అడ్డతీగలను, 19న రంపచోడవరమును ముట్టడించునప్పటికి ఠాణాలలోని తుపాకులు తరలింపబడియుండెను. పిమ్మట మలబారు పోలీసులు, అస్సాము రైఫిల్సు దళములు వచ్చెను. 1924 మే 7న కొయ్యూరునొద్ద రాజు కాల్చబడెను.

తెలంగాణ సాయుధపోరాటమున భర్మారు తిరిగి కానవచ్చెను. 1948 సెప్టెంబరు తరువాత దళములు పాల్వంచ, ఇల్లెందు అడవులకు చేరెను. 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను.

1959లో భద్రాచలము ఖమ్మము జిల్లాలో కలిసెను. 2014లో రేకపల్లి ప్రాంతము ఆంధ్రప్రదేశమునకు పోయెను. భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచెను. హద్దులు మారినను చరిత్ర ఒక్కటియే. ఇనుము తుప్పుపట్టును, తూటా ముగియును. పోడుభూమికై ప్రాణములొడ్డిన వారి వృత్తాంతమును కాపాడునది గ్రంథమే. ఆ గ్రంథమును పదిలపరచి, అడిగినవారి చేతికందించునది గ్రామ గ్రంథాలయము.