దీమం నుంచి మోటారు పావురం వరకు

వేట కొందరికి బ్రతుకుతెరువుగా ఉన్న కాలంలో "దీమం" అనే మాట మన పల్లెలలో వాడుకలో ఉండేది. వేటగాడు తాను పెంచి మచ్చిక చేసుకొన్న పక్షిని గాని, లేడిని గాని అడవిలో ఒకచోట నిలిపి తాను చాటున కూర్చొనేవాడు. దానిని చూచి దాని జాతి ప్రాణులు భయం లేకుండా దగ్గరకు వచ్చేవి. ఆ మచ్చిక ప్రాణిపేరే దీమం. ఈ మాట నిఘంటువులలో మిగిలి ఉన్నది గాని, నేటి విద్యార్థులలో దీనిని విన్నవారు అరుదు. అయితే దీమం చేసే పని మాత్రం ప్రపంచంలో ఆగిపోలేదు. తుంగతో అల్లిన బాతు మొదలుకొని విద్యుత్ మోటారుతో గిరగిర తిరిగే పావురం వరకు అది ఎన్నో రూపాలు దాల్చింది.

ఈ చరిత్రను పరిశీలిస్తే రెండు ప్రశ్నలు మన ఎదుట నిలుస్తవి. పక్షి తన జాతిని దేనిని చూచి గుర్తిస్తుంది? అది తెలిసి మనిషి తయారుచేసిన సాధనం శక్తి పెరిగినకొద్దీ, దాని వాడకానికి హద్దు ఎక్కడ?

తుంగ బాతులు

అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో లవ్‌లాక్ అనే గుహ ఉన్నది. 1924లో అక్కడ లౌడ్, హారింగ్టన్ అనే పురాతత్త్వజ్ఞులు త్రవ్వకాలు జరుపగా, భద్రంగా దాచిపెట్టిన 11 బాతు బొమ్మలు బయటపడినవి. అవి తుంగ కాడలను వంచి, కట్టి చేసినవి. కొన్నిటికి ఎరుపు, నలుపు రంగులు పూసి, తెల్లని ఈకలు కూడ అమర్చారు. రేడియో కార్బన్ పద్ధతిని బట్టి ఇవి సుమారు 2000 సంవత్సరాలనాటివని తేలింది. ఎండిన ఆ ప్రదేశంలో ఒకప్పుడు విశాలమైన చెరువులు, వాటిపై వలస బాతులు ఉండేవి.

ఈ బొమ్మలను చేసినవారు ప్రతి ఈకనూ చిత్రించలేదు. ఎర్రని తల, నల్లని రొమ్ము, తెల్లని వీపు, ఈ మూడు రంగులను వాటి వాటి స్థానాలలో ఉంచారు. పైన ఎగిరే బాతు దూరం నుంచి గమనించేది అవేనని వారు ఎరుగుదురు. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు ప్రయోగం ద్వారా నిరూపించడానికి ఇరవయ్యవ శతాబ్దం రావలసివచ్చింది.

ఐరోపాలో వేరొక పద్ధతి ఉండేది. హాలండు దేశస్థులు ఒక కుంటను త్రవ్వి, దాని మూలలనుంచి వంకర కాలువలు తీసి, వాటిపై వలలు కప్పేవారు. మచ్చిక చేసిన బాతులు, చిన్న కుక్క కలిసి అడవి బాతులను ఆ కాలువలలోకి నడిపించేవి. పదిహేడవ శతాబ్దంలో ఈ పద్ధతి ఇంగ్లండుకు వచ్చింది. "డికాయ్" అనే ఇంగ్లీషు మాట, పంజరం అనే అర్థంగల డచ్చి మాటనుంచి పుట్టిందని పండితుల అభిప్రాయం.

పీటమీది పావురం

పందొమ్మిదవ శతాబ్దంలో ఉత్తర అమెరికాలో పాసెంజర్ పావురం అనే జాతి ఉండేది. దాని గుంపులు ఆకాశాన్ని కప్పివేసేవి. 1810 ప్రాంతంలో అలెగ్జాండర్ విల్సన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు కెంటకీ రాష్ట్రంలో తాను చూచిన ఒక్క గుంపులోనే 200 కోట్లకు పైగా పావురాలు ఉండవచ్చునని లెక్కగట్టాడు.

వీటిని పట్టేవారు ఒక బ్రతికి ఉన్న పావురాన్ని కళ్ళు కుట్టివేసి, చిన్న పీటకు కట్టేవారు. ఆ పీట ఒక కర్ర చివర ఉండేది. చాటున ఉన్న మనిషి త్రాడు లాగి పీటను పైకెత్తి ఒక్కసారిగా వదలితే, పావురం పడిపోకుండా రెక్కలు కొట్టుకొనేది. పైన పోతున్న గుంపుకు, తమలో ఒకటి మేతకోసం దిగుతున్నట్లు కనిపించేది. గుంపు దిగగానే వల పడేది. ఇంగ్లీషులో "స్టూల్ పిజియన్" అనే మాట ఈ అలవాటును తెలిపేదే. తరువాత అది పోలీసు వేగులకు కూడ పేరైంది.

ఇక్కడ ఒక విషయం గమనించవలసి ఉన్నది. లవ్‌లాక్ బాతు కదలని బొమ్మ. పీటమీది పావురం కదిలే దీమం. రంగుకంటె, ఆకారంకంటె రెక్కల కదలికే దూరంనుంచి పక్షిని పిలుస్తుందని ఆ వేటగాళ్ళు గ్రహించారు. నేటి మోటారు పావురానికి మూలసూత్రం ఇదే.

ఆ పావురాల గతి ఏమైంది? రైలు మార్గాలు వేటను దూరపు నగరాల అంగళ్ళకు చేర్చినవి. గుంపు ఎక్కడ దిగిందో తంతివార్తలు తెలిపినవి. అడవులు నరికివేయబడినవి. 1878లో మిషిగన్ రాష్ట్రంలోని పెటాస్కీ వద్ద గూళ్ళు పెట్టిన పావురాలను విపరీతంగా చంపారు. చివరకు 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో మార్తా అనే ఆడ పావురం మరణించడంతో ఆ జాతి అంతరించింది. దీమం ఒక్కటే దీనికి కారణమని చెప్పలేము. కాని గుంపుగా బ్రతికే పక్షికి తోటి పక్షి మీద ఉండే నమ్మకమే దానికి ఉరి అయింది.

ఈ నష్టం చూచిన తరువాత చట్టాలు బలపడినవి. అమెరికాలో 1900లో లేసీ చట్టం, 1918లో వలసపక్షుల ఒడంబడిక చట్టం వచ్చినవి. 1935లో బాతుల వేటలో బ్రతికి ఉన్న దీమాలను నిషేధించారు. బ్రిటన్‌లో 1981 చట్టం కట్టివేసిన పక్షిని దీమంగా వాడరాదన్నది. ప్రాణమున్న దీమం తొలగిపోయేసరికి దాని చోటును యంత్రం ఆక్రమించింది.

పక్షి చూచేది ఏమిటి?

ఇంగ్లండులో డేవిడ్ లాక్ అనే ఆయన 1930 తరువాతి సంవత్సరాలలో డార్టింగ్టన్ హాల్ అనే పాఠశాలలో జీవశాస్త్ర ఉపాధ్యాయుడు. ఆయన బోధన చేస్తూనే రాబిన్ అనే చిన్న పక్షిని పరిశీలించాడు. మగ రాబిన్ తన ఎల్లలోకి వచ్చిన మరొక రాబిన్‌ను తరిమివేస్తుంది. ఎర్రని రొమ్ము ఇంకా ఏర్పడని రాబిన్‌ను గడ్డి కూరి సహజంగా నిలబెడితే అది సాధారణంగా పట్టించుకోలేదు. కాని తల, కాళ్ళు, రెక్కలు ఏమీ లేని ఎర్ర ఈకల కుచ్చును తీగకు కట్టి ఉంచితే దానిమీద విరుచుకుపడింది! అంటే రాబిన్‌కు శత్రువును తెలిపే గుర్తు పక్షి ఆకారం కాదు, ఎర్రదనం.

ఇటువంటి గుర్తులనుగురించి నికో టిన్‌బర్గెన్ విస్తారంగా పరిశోధించి, 1973లో లోరెంజ్, ఫాన్ ఫ్రిష్‌లతో కలిసి నోబెల్ బహుమానం పొందాడు. ప్రాణి తన ఎదుట ఉన్నదంతా చూచి తర్కించదు. కొన్ని గుర్తులు కనబడగానే తగిన చర్యకు పూనుకొంటుంది. మంచి దీమం చేయడమంటే ఆ గుర్తును కనుగొనడమే.

బ్రిటన్‌లో పంటపొలాలమీద పడే అడవి పావురానికి అట్టి గుర్తు రెక్కమీది తెల్లని అడ్డపట్టీ. కూర్చొన్నప్పుడు అది చాలవరకు మరుగున ఉంటుంది. ఎగిరేటప్పుడు, ముఖ్యంగా దిగేటప్పుడు, తళుక్కున మెరుస్తుంది. విచిత్రమేమంటే ఇదే పట్టీ బెదురుకు కూడ గుర్తు కావచ్చు. పొలంనుంచి పావురాలను తోలడానికి రెక్కలు చాచిన బొమ్మలు పనికివస్తవేమోనని ఇంగ్లిస్, ఐజాక్సన్ అనే శాస్త్రజ్ఞులు పరీక్షించి 1984లో తమ పరిశోధనను ప్రకటించారు. ఒకే గుర్తు, భంగిమనుబట్టి "రండి" అనీ "పొండి" అనీ చెప్పగలదేమో అన్నది అక్కడి ప్రశ్న.

ఇంటిలో తయారైన యంత్రం

బ్రిటిష్ వేటగాళ్ళు మొదట వంగే కడ్డీ చివర పావురాన్ని గ్రుచ్చి గాలికి ఊగనిచ్చేవారు. త్రాడు లాగి రెక్కలాడించే బొమ్మలూ చేశారు. తరువాత మోటారు వచ్చింది. తిరుగుడు యంత్రాన్ని వారు "పావురాల అయస్కాంతం" అంటారు. అందులో అయస్కాంతం మోటారు లోపల తప్ప మరెక్కడా లేదు! కొనేవారు కొంటారు, ఓపిక ఉన్నవారు తామే చేసుకొంటారు.

దాని నిర్మాణం కష్టమైనది కాదు. నేలలో ఒక ఇనుప గుంజ పాతుతారు. దానిపై కారు అద్దాన్ని తుడిచే వైపర్ మోటారును నిలువుగా బిగిస్తారు. ఇది 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. ఒట్టి మోటారు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. వైపర్‌లో స్క్రూ వంటి ఇరుసు, దానికి తగిలే పంటిచక్రం ఉండి, వేగాన్ని నిమిషానికి 50 చుట్ల ప్రాంతానికి తగ్గించి, త్రిప్పే బలాన్ని పెంచుతవి. ఇంకా నెమ్మది కావాలంటే మోటారుకు అందే విద్యుత్తును సెకనులో అనేకసార్లు ఇస్తూ ఆపుతూ ఉండే చిన్న సాధనాన్ని మధ్యలో పెడతారు. మోటారు ఇరుసుకు ఎదురెదురుగా రెండు పొడవైన కడ్డీలు, వాటి చివరల రెండు పావురాలు. ఇంతే యంత్రం.

ఇందులో భౌతికశాస్త్రం ఎంత ఉన్నదో చూడండి. కడ్డీ పొడవు 1.5 మీటర్లు, వేగం నిమిషానికి 30 చుట్లు అనుకొందాము. ఒక చుట్టు 9.4 మీటర్లు, దానికి పట్టే కాలం 2 సెకనులు. కనుక పావురం వేగం సెకనుకు 4.7 మీటర్లు, అనగా గంటకు దాదాపు 17 కిలోమీటర్లు. పావురం ద్రవ్యరాశి అర కిలోగ్రాము అయితే, దానిని వృత్తంలో త్రిప్పడానికి కావలసిన అభికేంద్ర బలం సుమారు 7.4 న్యూటన్లు. ఇది దాని బరువుకు ఒకటిన్నర రెట్లు.

చుట్లను 60కి పెంచితే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది: దాదాపు 30 న్యూటన్లు. అందుకే తొందరపడి వేగం పెంచిన యంత్రాల కడ్డీలు విరుగుతవి, పక్షులు ఊడిపోతవి. రెండు పక్షుల ద్రవ్యరాశులు 100 గ్రాములు తేడాగా ఉంటే, ఆ వేగంలో సుమారు 6 న్యూటన్ల బలం సెకనుకొకసారి దిశ మారుస్తూ గుంజను ఊపుతుంది. గుంజ ఊగితే దీమం సహజంగా కనిపించదు. పక్షులు సామాన్యంగా గాలికి ఎదురుగా దిగుతవి కనుక, యంత్రాన్ని నిలిపే చోటు కూడ గాలిని చూచి నిర్ణయించాలి. చేతిపని, గణితం, పక్షిశాస్త్రం మూడూ కలిస్తేనే యంత్రం పనిచేస్తుంది.

హద్దు ఎక్కడ?

అమెరికాలో బాతుల వేటకు రెక్కలు గిరగిర తిరిగే మోటారు బొమ్మలు 1990 తరువాతి దశాబ్దం చివర ప్రచారంలోకి వచ్చినవి. రెక్కకు ఒక ప్రక్క నలుపు, మరొక ప్రక్క తెలుపు. తిరిగినప్పుడు దూరానికి మిణుకు మిణుకుమని మెరుస్తుంది. మిన్నెసోటా రాష్ట్రంలో 2002లో జిమాన్‌స్కీ, ఆఫ్టన్ అనే పరిశోధకులు ఒకే వేటలో మోటారును కొంతసేపు నడిపి, కొంతసేపు ఆపి పోల్చారు. మోటారు నడిచినప్పుడు వేటగాడికి దొరికిన మల్లార్డ్ బాతులు నాలుగు రెట్లకు పైగా ఉన్నవి. ఈ ఫలితం వేటగాళ్ళలోనే తర్కం లేవదీసింది. ఇది నేర్పా, లేక నేర్పు అక్కరలేకుండా చేసే యంత్రమా? కొన్ని రాష్ట్రాలు వీటిని నిషేధించినవి, కొన్ని పరిమితం చేసినవి. కొన్ని తరువాత సడలించినవి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల వేటను అరికట్టింది. ఎరచూపి పట్టడం కూడ ఆ చట్టం దృష్టిలో వేటే. కనుక మనకు ఈ యంత్రం తుపాకికి తోడు కాదు; తరగతిలో పాఠం.

పిలిచి నిలబెట్టిన దీమం

ఈ చరిత్రలో మరొక మలుపు ఉన్నది. అమెరికా మెయిన్ రాష్ట్రపు తీరాన ఈస్టర్న్ ఎగ్ రాక్ అనే చిన్న దీవి కలదు. మాంసానికి, ఈకలకు వేటాడడంవల్ల పఫిన్ అనే సముద్రపక్షులు పందొమ్మిదవ శతాబ్దం చివర అక్కడ లేకుండా పోయినవి. స్టీఫెన్ క్రెస్ అనే శాస్త్రజ్ఞుడు 1973 నుంచి న్యూఫౌండ్‌లాండ్‌నుంచి పిల్లలను తెచ్చి ఆ దీవిలో పెంచి సముద్రంలోకి వదలాడు. పఫిన్ గుంపును చూస్తేగాని నేలపై దిగదు. ఖాళీ బండలను చూచి పెరిగిన పక్షులు వెనుదిరిగే ప్రమాదం ఉన్నది. అందువల్ల 1977లో ఆయన చెక్క పఫిన్ బొమ్మలను బండలపై నిలిపాడు. పక్షులు వచ్చి బొమ్మల ప్రక్కన కూర్చొన్నవి. 1981లో అవి మళ్ళీ అక్కడ గూళ్ళు పెట్టి పిల్లలను పెంచినవి. పాసెంజర్ పావురాన్ని వలలోకి దింపిన నమ్మకమే పఫిన్‌ను తన దీవికి తిరిగి చేర్చింది.

ఉపాధ్యాయులు ఈ యంత్రాన్ని చిన్న ప్రమాణంలో పాఠశాలలోనే చేయించవచ్చు. అట్టతో కోసిన రెండు పక్షులు, సన్నని వెదురుపుల్లలు, బొమ్మకారులోని చిన్న మోటారు, పంటిచక్రాలు, టార్చి బ్యాటరీలు చాలును. ఇంటి విద్యుత్తును వాడరాదు. తిరిగే పుల్లల వలయంలోకి ఎవరూ ముఖం చాచరాదు. విద్యార్థులు ఒక చుట్టుకు పట్టే కాలాన్ని కొలిచి, వేగాన్ని, అభికేంద్ర బలాన్ని లెక్కకట్టాలి. తరువాత ఒక అట్టపక్షి రెక్కపై తెల్లని పట్టీ అతికించి, మరొకదానిని అట్లాగే ఉంచి, త్రిప్పుతూ 50 మీటర్ల దూరంనుంచి చూడాలి. వీటిలో ఏది ముందుగా కంటికి తగులుతుందో వారే వ్రాసుకొంటారు. ఆ తరువాత పాసెంజర్ పావురం కథ, పఫిన్ కథ రెండూ చెప్పి, ఈ సాధనాన్ని దేనికి వాడాలో తరగతిలో చర్చ పెట్టవచ్చు.