పిల్లల దంతవైద్యంలో మత్తుసూది: నొప్పి, భయాల చరిత్ర

దంతవైద్య చరిత్ర పుస్తకాలు స్థానిక మత్తుమందును సాధారణంగా ఒక విజయగాథగా చెబుతాయి. పెద్దల విషయంలో ఆ మాట చాలావరకు నిజమే. పిల్లల విషయంలో కథ అంత సూటిగా సాగలేదు. పన్ను తీసేటప్పుడు కలిగే నొప్పిని పోగొట్టే మందు చిగురులో దిగే సూది ద్వారానే లోపలికి వెళ్లాలి. ఆరేళ్ల పిల్లవాడికి కాసేపటి తరువాత తప్పిపోయే నొప్పి కంటే ఇప్పుడు ఎదుట కనబడుతున్న సూదే పెద్దది. అందువల్ల ఈ పాఠంలో మనం రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి మందుల చరిత్ర. రెండోది, పిల్లవాడు నొప్పి అంటే పెద్దలు నమ్మిన, నమ్మని చరిత్ర. మొదటిది 1948 నాటికే చాలా దూరం వచ్చింది. రెండోది అప్పటికింకా తొలి అడుగుల్లోనే ఉంది.

మత్తు నుంచి తిమ్మిరి వైపు

1844 డిసెంబరు 11న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువు పీల్చి, తన పన్నునే తోటి వైద్యుడి చేత తీయించుకున్నాడు. 1846లో ఈథర్, 1847లో క్లోరోఫాం వచ్చాయి. ఇవన్నీ మనిషిని మొత్తంగా మత్తులో ముంచేవే. ఒక్క పన్ను కోసం ప్రాణాన్ని పణంగా పెట్టవలసి వచ్చేది. 1848 జనవరిలో ఇంగ్లాండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయడానికి క్లోరోఫాం ఇస్తుండగా మరణించింది. చిన్నపాటి శస్త్రచికిత్స, ఆరోగ్యంగా ఉన్న పిల్ల. ఈ మరణం వైద్యలోకాన్ని చాలాకాలం వెంటాడింది.

ఆ వివాదంలో మన హైదరాబాదుకు కూడా చోటుంది. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ చొరవతో, ఆరో నిజాం ఇచ్చిన ధనసహాయంతో 1888, 1889 సంవత్సరాల్లో రెండు హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడ జంతువులపై ప్రయోగాలు జరిపాయి. క్లోరోఫాం వల్ల ముందు ఆగేది శ్వాసే గాని గుండె కాదని అవి తేల్చాయి. 1911లో ఏ. జి. లెవీ ఈ నిర్ణయం పొరపాటని చూపాడు. తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లులకు అడ్రినలిన్ ఇస్తే గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోయింది. భయపడినప్పుడు మన ఒంట్లో ఊరేది ఈ అడ్రినలినే. భయం అనేది కేవలం మనసుకు సంబంధించిన సంగతి కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనబడదు.

నొప్పి ఉన్న చోటును మాత్రమే తిమ్మిరెక్కించే మార్గం 1884లో దొరికింది. వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్ ద్రావణంతో కంటికి స్పర్శ తెలియకుండా చేయగలిగాడు. ఆ వెంటనే న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్ కింది దవడ నాడి దగ్గరే కొకైన్ ఎక్కించి చూశాడు. తనమీద కూడా ప్రయోగాలు చేసుకుని ఆ మందుకు బానిసయ్యాడు. జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రొకైన్ 1905లో వాడుకలోకి వచ్చింది. నోవొకైన్ అనే పేరుతో అది ప్రపంచమంతా వ్యాపించింది. స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ 1943లో రూపొందించిన లిడోకైన్ 1948లో మార్కెట్టుకు వచ్చింది. నేటికీ దంతవైద్యుని బల్లమీద ఎక్కువగా కనిపించేది అదే.

ఇక్కడ విద్యార్థులు ఒక తేడా గుర్తుంచుకోవాలి. ప్రొకైన్‌ను చిగురుపైన పూస్తే దాదాపు ఫలితం ఉండదు. లిడోకైన్ పైపొరలోంచి కూడా ఇంకుతుంది. కనుక సూది గుచ్చబోయే చోటును దూదితో తుడిచి ఆరబెట్టి, ఈ మందు జెల్లును ఒకటి రెండు నిమిషాలు ఉంచితే గుచ్చినప్పటి చురుకు తగ్గుతుంది. బెంజొకైన్ జెల్లులు కూడా ఇదే పనికి వాడుకలో ఉన్నాయి. చిన్న ఉపాయమే, కాని సూది నొప్పికి కూడా వైద్యం ఉండాలన్న ఆలోచన ఇందులో ఉంది.

నమ్మని కాలం

మందులు ఇంత ముందుకు వెళ్లినా పిల్లల నొప్పిపై పెద్దల అభిప్రాయం మారలేదు. 1941లో మిర్టిల్ మెక్‌గ్రా అనే అమెరికన్ పరిశోధకురాలు పసికందులను గుండుసూదితో గుచ్చి వారి స్పందనలను నమోదు చేసింది. పుట్టిన తొలి రోజుల్లో స్పందన తక్కువగా ఉండటం చూసి, మెదడు ఇంకా పక్వం కాలేదని భావించింది. పసివాళ్లకు నొప్పి అంతగా తెలియదన్న నమ్మకానికి ఇటువంటి అధ్యయనాలు బలమిచ్చాయి. 1980లలో కూడా కొన్ని ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు, కదలకుండా ఉండే మందు తప్ప తగిన మత్తు లేకుండా శస్త్రచికిత్సలు చేసేవారు. భారతదేశంలో వైద్యవిద్య చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ 1987లో ప్రచురించిన పరిశోధనలు ఈ నమ్మకాన్ని కూల్చాయి. తగిన మత్తుమందు పొందిన శిశువుల ఒంట్లో శస్త్రచికిత్స ఒత్తిడి తక్కువగా ఉందనీ, వారు మెరుగ్గా కోలుకున్నారనీ ఆయన చూపారు.

దంతవైద్యంలో అపనమ్మకం మరో రూపంలో కనబడింది. ఎలాగూ ఊడిపోయే పాలపళ్లే కదా అనే మాట మన ఇళ్లలో నేటికీ వినిపిస్తుంది. కుర్చీలో ఏడ్చే పిల్లవాడిని నొప్పి పడుతున్నవాడుగా కాక మొండివాడుగా చూశారు. పిల్లల దంతవైద్యంపై 1925లో పుస్తకం రాసిన ఇవాంజెలిన్ జోర్డన్ ఆ రంగానికి ఆద్యురాలు, గౌరవించదగిన వ్యక్తి. అయినా అరిచే పిల్లవాడి నోటిమీద చేయి అడ్డుపెట్టే పద్ధతి చరిత్ర ఆమె పేరుతోనే మొదలవుతుంది. ముక్కు మూయకూడదనీ, చెవి దగ్గర మెల్లగా నచ్చజెప్పాలనీ తరువాతివారు నియమాలు పెట్టారు. ఎన్ని నియమాలు పెట్టినా అది నోరు నొక్కడమే. అమెరికా పిల్లల దంతవైద్యుల అకాడమీ 2006లో గాని దీన్ని తన మార్గదర్శకాల నుంచి తొలగించలేదు.

పిల్లవాడిని అడగడం

మార్పుకు 1959 ఒక మంచి గుర్తు. ఆ ఏడాది హెరాల్డ్ ఆడెల్‌స్టన్ ‘చెప్పు, చూపించు, చెయ్యి’ అనే క్రమాన్ని ప్రతిపాదించాడు. చేయబోయేది పిల్లవాడి భాషలో చెప్పాలి. పరికరాన్ని చూపించి వేలిమీద తాకించాలి. చెప్పినట్టే, చెప్పినంతే చేయాలి. తెలుగునాట అనుభవం గల వైద్యులు సూది అనే మాట ఎత్తకుండా “పన్నును నిద్రపుచ్చుదాం” అనడం ఈ సంప్రదాయమే. అయితే ఆ పిల్లవాడు ఇంట్లో “అల్లరి చేస్తే డాక్టరు చేత సూది వేయిస్తా” అని వంద సార్లు విని వచ్చి ఉంటాడు. వైద్యుడు ముందు విప్పవలసిన ముడి అది. నొప్పే ఉండదని అబద్ధమాడటం ఇంకా ప్రమాదం. రెండోసారి ఆ పిల్లవాడు నోరు తెరవడు.

తల్లిని గది బయట నిలబెట్టాలా అన్నది అప్పటి మరో వివాదం. 1962లో ఫ్రాంకల్, సహచరులు ఈ ప్రశ్నను పరిశీలించి, మూడున్నర, నాలుగేళ్ల వయసు పిల్లలు తల్లి పక్కన ఉంటే మెరుగ్గా సహకరించారని కనుగొన్నారు. వారు తయారుచేసిన నాలుగు మెట్ల ప్రవర్తన కొలమానం నేటికీ మన దంతవైద్య కళాశాలల్లో వాడుకలో ఉంది. 1975లో బార్బరా మెలమెడ్ బృందం, మరో పిల్లవాడు ధైర్యంగా చికిత్స చేయించుకునే చిత్రాన్ని ముందుగా చూసిన పిల్లల్లో భయం తగ్గడం గమనించింది. 1980ల తొలినాళ్లలో డోనా వాంగ్, కానీ బేకర్ నవ్వు నుంచి కన్నీటి వరకు ఆరు ముఖాల కొలమానం రూపొందించారు. అందులోని ముఖాలకు ఆధారం పిల్లలు స్వయంగా గీసిన బొమ్మలే. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. ఫ్రాంకల్ కొలమానంలో పిల్లవాడిని పెద్దవాళ్లు చూసి మార్కులు వేస్తారు. ముఖాల కొలమానంలో పిల్లవాడే వేలు పెట్టి చూపిస్తాడు.

చేతి పనితనం

1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించిన ద్వార సిద్ధాంతం ప్రకారం స్పర్శ సంకేతాలు వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాలను కొంత అడ్డుకుంటాయి. దెబ్బ తగిలిన చోట మనం అప్రయత్నంగా రుద్దుకోవడానికి కారణం దీనితో అర్థమవుతుంది. సూది వేసేటప్పుడు వైద్యుడు బుగ్గను మెల్లగా ఊపడం వెనుక ఉన్నదీ ఇదే. నొప్పి చాలావరకు సూది మొన వల్ల గాక మందును వేగంగా నెట్టడం వల్ల వస్తుంది. అంగిలి దగ్గర చర్మం ఎముకకు గట్టిగా అతుక్కుని ఉంటుంది, మందుకు చోటు చాలదు. అందుకే నిమిషానికి ఒక మిల్లీలీటరుకు మించకుండా ఎక్కించమని బోధిస్తారు. ఈ వేగాన్ని యంత్రమే అదుపు చేసే పరికరాలు 1990ల చివర్లో వచ్చాయి. అడ్రినలిన్ కలిపిన లిడోకైన్‌కు ఆమ్లగుణం ఎక్కువ, అందుకే మంట పుడుతుంది. సోడియం బైకార్బొనేట్ కలిపి ఆ గుణాన్ని తగ్గించే పద్ధతి కూడా ఉంది. సూది వేశాక పెదవి తిమ్మిరెక్కి ఉండగా పిల్లలు దాన్ని నమిలి గాయం చేసుకుంటారు. ఈ సంగతి తల్లిదండ్రులకు చెప్పి పంపడం కూడా చికిత్సలో భాగమే.

ఇటీవలి దశాబ్దాల్లో ప్రశ్నే కొంత మారింది. 1980లలో టాంజానియాలో మొదలైన, చేతి పరికరాలతోనే పుచ్చు తీసి పూడ్చే పద్ధతి, స్కాట్లండ్ వైద్యురాలు నోర్నా హాల్ పేరిట ప్రసిద్ధమైన, పుచ్చును తొలగించకుండానే పాలదవడ పన్నుపై ఉక్కు తొడుగు బిగించే పద్ధతి, జపాన్‌లో ముందుగా వాడుకలోకి వచ్చిన సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ పూత, వీటికి చాలా సందర్భాల్లో సూది అక్కర్లేదు. పూత వేసిన చోట పుచ్చు నల్లబడుతుంది, అది కొందరు తల్లిదండ్రులకు నచ్చదు. ఇక పుచ్చు లోపలిదాకా వెళ్లి చీము పట్టిన పన్నును తీయవలసి వచ్చినప్పుడు ఈ మూడూ పనికిరావు. అక్కడ జెల్లు, నెమ్మదిగా కదిలే చేయి, ముందుగా చెప్పిన నిజమైన మాట కావాలి.