హార్డ్ డిస్కు చేయు తొలి హెచ్చరికలు

ఇరుసు అరిగిన బండి విరుగుటకు ముందు కీచుమనును. కూలనున్న గోడ ముందుగా నెఱ్ఱె విడుచును. పల్లెటూరి రైతు మొదలు పట్టణపు గృహస్థు వరకు ఈ సూచనలను ఎఱుగనివారు లేరు. కంప్యూటరులో మన వ్రాతలను, లెక్కలను, ఛాయాచిత్రములను భద్రపరచు హార్డ్ డిస్కు కూడ కొన్ని వేళల ఇట్టి సూచనలు చేయును. అయితే బండికిని దీనికిని ఒక భేదము కలదు. ఇరుసు విరిగిన క్రొత్త ఇరుసు వేయవచ్చును. డిస్కు చెడిన క్రొత్త డిస్కు కొనవచ్చునుగాని, పాత డిస్కులో ఉండిన తాతగారి కంఠస్వరమును ఏ అంగడిలోను కొనలేము. కావుననే ఈ యంత్రముచేత ముందుగా మాటాడించుటకు ఇంజనీర్లు చేసిన ప్రయత్నముల చరిత్ర మనకు తెలియదగినది.

1956 సెప్టెంబరులో అమెరికాలోని ఐ.బి.యం. సంస్థ రామాక్ అను కంప్యూటరును ప్రకటించెను. దాని కొరకు కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున రేనాల్డ్ జాన్సన్ నాయకత్వమున తొలి డిస్కు డ్రైవు నిర్మింపబడెను. రెండడుగుల వ్యాసముగల 50 పళ్ళెములు ఒకే ఇరుసుపై నిమిషమునకు 1200 మారులు తిరుగుచుండెడివి. అన్నిటిమీదను కలిసి 50 లక్షల అక్షరములు పట్టెడివి. నేడు చేతిలోని ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము ఆ స్థలమునంతను ఆక్రమింపగలదు.

ఈ పళ్ళెములపై అయస్కాంత లేపనము ఉండును. వ్రాయుటకును చదువుటకును హెడ్డు అను చిన్న సాధనము పళ్ళెమునకు తగులక, సన్నని గాలిపొరపై నిలిచియుండును. ఆ గాలిపొరయే డిస్కునకు ప్రాణము. హెడ్డు జారి పళ్ళెమును తాకెనా, లేపనము గీచుకొనిపోవును. దానితో అక్షరములును పోవును. రామాక్ యంత్రమును కంపెనీలు నెలసరి అద్దెకు తీసికొనెడివి. దానిని కనిపెట్టి చూచుటకు నేర్పరులైన ఇంజనీర్లు ఉండెడివారు. యంత్రపు మూలుగును వినుట ఆనాడు వారి ఉద్యోగములో భాగము.

1973లో ఐ.బి.యం. సంస్థయే వించెస్టర్ అను పేర ప్రసిద్ధమైన 3340 డ్రైవును వెలువరించెను. అందు హెడ్లను, పళ్ళెములను కలిపి ఒకే పెట్టెలో మూసివేసిరి. దుమ్ము లోపలికి పోకుండుటచే డిస్కునకు మేలు కలిగెను. కాని దుమ్ముతోపాటు మనిషి చూపునకును ఆ తలుపు మూతపడెను. 1980లో, తరువాత సీగేట్ అను పేరు పొందిన షుగార్ట్ టెక్నాలజీ సంస్థ 50 లక్షల బైట్లు పట్టు చిన్న డ్రైవును అమ్మకమునకు పెట్టెను. 1983లో ఐ.బి.యం. వారి పర్సనల్ కంప్యూటరు ఎక్స్.టి. కోటి బైట్ల డిస్కుతో వచ్చెను. డిస్కు ఇట్లు పెద్ద కార్యాలయముల గడప దాటి అంగళ్ళకును ఇండ్లకును చేరెను. దాని మూలుగును విను ఇంజనీరు మాత్రము వెంట రాలేదు.

ఈ లోటును తీర్చుటకు రెండు మార్గములు ఏర్పడెను. ఒకటి, డిస్కు చచ్చినను సమాచారము బ్రదుకునట్లు చేయుట. 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అనువారు అనేకములైన చిన్న డిస్కులను ఒక జట్టుగా కూర్చి, అందొకటి పోయినను మిగిలినవానినుండి దాని సమాచారమును తిరిగి పొందు పద్ధతులను వివరించిరి. దీనికే రెయిడ్ అని పేరు. రెండవ మార్గము, డిస్కు తన రోగమును తానే చెప్పునట్లు చేయుట. 1992లో ఐ.బి.యం. తన ఏ.ఎస్.400 కంప్యూటర్లకై చేసిన డిస్కులలో ఈ ఏర్పాటు కనబడెను. డిస్కు తన స్థితిని తానే కొలిచికొని, బాగున్నదనియో, త్వరలో చెడవచ్చుననియో రెండే జవాబులు ఇచ్చెడిది. తరువాత కాంపాక్ సంస్థ కొందరు డ్రైవు నిర్మాతలతో కలిసి, ఆ కొలతలను కంప్యూటరుకే తెలుపు విధానమును రూపొందించి, 1995లో దానిని పరిశ్రమకంతకును ఉమ్మడి ప్రమాణముగా ప్రతిపాదించెను. దానినుండి పుట్టినదే స్మార్ట్ అను స్వీయపరిశీలన పద్ధతి. నేటి డ్రైవులలో ఇది సాధారణముగా ఉన్నదే.

ఇది పనిచేయు తీరు సులభముగనే తెలియును. డిస్కు మీది స్థలము సెక్టర్లు అను చిన్న మళ్ళుగా విభజింపబడియుండును. ఒక మడి చెడినప్పుడు డ్రైవు దానిని విడిచి, అట్టి అవసరమునకై ముందే ఉంచిన అదనపు మడిని వాడుకొని, ఆ సంగతిని లెక్కలో వ్రాసికొనును. చదువ వీలుకాక అనుమానమున ఉంచిన మళ్ళకు వేరొక లెక్క కలదు. ఈ లెక్కలు సున్నయై యున్నంతవరకు మంచిదే. అవి నానాటికి పెరుగుచున్నచో పుండు వ్యాపించుచున్నదని గ్రహింపవలెను. ఫైలు తెరచుటకు అకారణముగా ఆలస్యమగుట, నిన్న తెరచుకొన్న చిత్రము నేడు తెరచుకొనకుండుట, పెట్టెలో టిక్కుటిక్కుమను చప్పుడు పదే పదే వినబడుట, ఇవి చెవికిని కంటికిని అందు సూచనలు.

ఈ హెచ్చరికలను ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నకు 2007లో శాన్ హోసే నగరముననే, అనగా తొలి డిస్కు పుట్టినచోటనే, జరిగిన ఒక సభలో సమాధానము లభించెను. గూగుల్ సంస్థకు చెందిన పరిశోధకులు తమ లక్షకుపైబడిన డిస్కులను పరిశీలించి వ్రాసిన పత్రమును అచట సమర్పించిరి. తనిఖీలో మొదటిసారి దోషము బయటపడిన డిస్కు, దోషము లేని డిస్కుకంటె 60 దినములలో చెడు అవకాశము 39 రెట్లు అధికమని తేలెను. అనగా హెచ్చరిక వచ్చినచో అది తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని ఆ పత్రమే మరియొక సత్యమును చెప్పెను. చెడిన డిస్కులలో నూటికి 56కు పైగా, ముఖ్యమైన నాలుగు సూచనలలో ఒక్కటియు చూపకయే చెడిపోయెను. అదే సభలో బియాంకా ష్రోడర్, పైన చెప్పిన గిబ్సన్ కలిసి వ్రాసిన పత్రమొకటి వెలువడెను. నిర్మాతల లెక్క ప్రకారము ఏటా నూటికి ఒక్కటియైన చెడరాదు. వాడుకలో మాత్రము నూటికి రెండు మొదలు నాలుగు డిస్కులను మార్చవలసివచ్చుట సాధారణమని వారు చూపిరి.

ఈ రెండు సంగతులను కలిపి చూచిన, మన కర్తవ్యము తేటపడును. హెచ్చరికను ఆజ్ఞగా భావింపవలెను. దాని మౌనమును అభయముగా భావింపరాదు. సూచన కనబడిన దినమున మొదటి పని మరమ్మతు కాదు, ప్రతి తీయుట. చాలమంది ఇచటనే పొరబడుదురు. డిస్కు మందగించినదని దానినే మరల మరల పరీక్షింతురు, లోపలి ఫైళ్ళను సర్దింతురు, క్రొత్త ప్రోగ్రాములు ఎక్కింతురు. రోగితో పరుగు పందెము చేయించుట ఎట్టిదో ఇదియు అట్టిదే. ఆ డిస్కుపై క్రొత్తగా ఏమియు వ్రాయక, ఎన్నడును తిరిగి దొరకనివానిని, అనగా కుటుంబ చిత్రములను, స్వరములను, దస్తావేజులను ముందుగా వేరొక డిస్కునకు ఎక్కింపవలెను. తిరిగి తెచ్చుకొనదగిన సినిమాలు, ప్రోగ్రాములు చివరకు నిలిచినను నష్టము లేదు.

చెడుచున్న డిస్కులనుండి సమాచారమును రక్షించుటకు ఆంటోనియో డియాజ్ 2004లో ఆరంభించిన డిడి-రెస్క్యూ అను ప్రోగ్రాము ఈ నీతినే అనుసరించును. అది సులభముగా చదువబడు భాగములను ముందు గ్రహించి, మొండికెత్తిన భాగములను తరువాతికి విడిచి, చివర వానివద్దకు మరల వచ్చును. టిక్కుటిక్కుమను చప్పుడు వినబడినచో మాత్రము ఏ ప్రయత్నమును చేయక విద్యుత్తును ఆపివేయుట మేలు. అందున్నది అమూల్యమైనదైన, ఆ పనిలో నేర్పరులైనవారికి అప్పగింపవలెను. పెట్టెను ఇంట తెరచుట తగదు. నేటి డిస్కులలో హెడ్డునకును పళ్ళెమునకును నడుమ దూరము కొన్ని నానోమీటర్లు మాత్రమే. కంటికి కనబడని దుమ్ముకణము కూడ ఆ సందున కొండవంటిది.

తిరుగు పళ్ళెములు లేని ఎస్.ఎస్.డి. డ్రైవులు నేడు అనేక కంప్యూటర్లలో ఉన్నవి. వానికి చప్పుడే లేదు. ఒక్కొకప్పుడు అవి చెప్పకయే మూగవోవును. కావున హెచ్చరికకై వేచియుండు అలవాటు మునుపటికంటె నేడు మరింత ప్రమాదకరము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వలదని మన పెద్దలు చెప్పిరి. తాళపత్రము శిథిలము కాకమునుపే మరియొక ప్రతి వ్రాయించినవారి మూలముననే మన గ్రంథములు మనకు దక్కినవి. ఇంజనీర్ల అరువది యేండ్ల శ్రమ మనకు సంపాదించి ఇచ్చినది కొన్ని దినముల వ్యవధి మాత్రమే. అదియు అందరికి లభించునది కాదు. అట్టి వ్యవధి లభించినవారు దానిని ప్రతి తీయుటకు వినియోగింపవలెను. డిస్కు బాగుగనున్నవారు ఈ వారముననే రెండవ ప్రతిని సిద్ధము చేసి, వేరొక చోట దాచుకొనవలెను.